సున్న చుట్టడం నేర్చిన మిల్లు

సికింద్రాబాద్ నాకు కొత్త ఊరేమీ కాదు. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వెళ్ళి వస్తూనే ఉంటాను. ఈసారి మాత్రం సంచీలో బట్టల మధ్య డయల్ గేజ్, మూలమట్టం, ఆలెన్ కీల కట్ట సర్దుకుని విజయవాడలో శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. తుకారాంగేట్‌లో ఉండే మా బావ రైల్వేలో రిటైరయ్యాక ఒక చిన్న మిల్లింగ్ మిషన్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. దానికి మోటార్లు తగిలించి, ఇంట్లోనే సీఎన్‌సీగా మార్చాలని ఆయనకూ, ఇంజనీరింగ్ చదివే మేనల్లుడికీ పట్టుదల. "ఇనుము పని నీది, కంప్యూటర్ పని వాడిది, ఖర్చు నాది" అన్నాడు ఫోన్లో. ఇంత న్యాయమైన పంపకం ఎప్పుడో గానీ కుదరదు. మర్నాడే బయల్దేరాను.

మాది ఆటోనగర్‌లో లేత్ షాపు. లారీ హబ్బులు, బుష్షులు, పిన్నులు, మా చేతికి వచ్చేవన్నీ బరువైన సరుకులు. బల్ల మీద కూర్చునే మిల్లును నేను ఫొటోల్లోనే చూశాను. దారి పొడుగునా దాని గురించే ఆలోచన. ఖమ్మం, వరంగల్, కాజీపేట దాటాక భువనగిరి గుట్ట కిటికీలో పెద్దగా కనపడింది. కృష్ణ నీళ్ళూ, పచ్చటి చదును నేలా చూస్తూ పెరిగిన నాకు ఆ ఏకశిల ఎప్పుడూ వింతే.

స్టేషన్‌లో దిగేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపు వేరే లోకం, పదో నంబరు వైపు వేరే లోకం. ఏ వైపు బయటికి రావాలో ముందే అడిగి పెట్టుకుంటే సామానుతో వంతెనలు ఎక్కి దిగే శ్రమ తప్పుతుంది. నేను ఒకటో నంబరు వైపు వచ్చి, ఎదురుగా ఆల్ఫా హోటల్లో ఇరానీ చాయ్ తాగాను. మా బెజవాడ టీ కొట్టులో టీ ఆకు, పాలు, చక్కెర కలిసే మరుగుతాయి. ఇక్కడ డికాక్షన్ వేరే, చిక్కగా కాగిన పాలు వేరే. రెండూ కప్పులోనే కలుస్తాయి. ఉస్మానియా బిస్కెట్ కొంచెం తీపి, కొంచెం ఉప్పు. రెండో కప్పు తాగకుండా లేవలేకపోయాను.

తుకారాంగేట్ పక్కనే లాలాగూడ. నిజాం కాలపు రైల్వే 1893లో అక్కడ వర్క్‌షాపు పెట్టింది. అంటే ఈ చుట్టుపక్కల ఇళ్ళలో లేత్, ఫిట్టింగ్, రివిటింగ్ అనే మాటలు నాలుగైదు తరాలుగా వినిపిస్తున్నాయన్న మాట. ఆ మాట విలువ నాకు అప్పటికింకా పూర్తిగా తెలియదు.

మేడ మీది గదిలో మిల్లు కనపడగానే చుట్టూ తిరిగి చూశాను. యాభై కిలోలు దాటి ఉంటుంది, ఇద్దరు మనుషులు మోసుకుని మెట్లెక్కించారట. చైనాలో తయారైన ఎక్స్2 రకం. కింద ఒక టేబుల్, దాని వెనక నిలువు కంబం, కంబం మీద పైకీ కిందికీ జారే తల, తలలో తిరిగే కట్టర్. మూడు చేతి చక్రాలు. ఒకటి తిప్పితే టేబుల్ కుడిఎడమలకు, రెండోది తిప్పితే ముందువెనకలకు, మూడోది తిప్పితే తల పైకీ కిందికీ పోతుంది. వీటికి ఎక్స్, వై, జెడ్ అని పేర్లు. సీఎన్‌సీ అంటే ఈ మూడు చక్రాలనూ మనిషి చెయ్యి బదులు మోటార్లు తిప్పడం, ఆ మోటార్లకు కంప్యూటర్ లెక్క చెప్పడం. 1952లో అమెరికాలోని ఎంఐటీ వాళ్ళు మొదటిసారి ఇలాంటి మిల్లును లోకానికి చూపించినప్పుడు, దాన్ని నడపడానికి వాక్యూమ్ ట్యూబులతో నిండిన పెద్ద బీరువా కావలసి వచ్చింది. ఇప్పుడు ఆ పని మూలన పడ్డ పాత కంప్యూటర్ చేస్తుంది.

ఆ పాత కంప్యూటర్ కోసం మర్నాడు పార్క్ లేన్‌కు వెళ్ళాం. అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ సీటీసీ అంటారు. కొత్తవి కావాలనేవాళ్ళు రోడ్డువైపు దుకాణాల్లో ఆగుతారు. మాకు కావలసింది వెనక 25 పిన్నుల పారలల్ పోర్ట్ ఉన్న పాతది. ఒకప్పుడు ప్రింటర్లు తగిలించిన ఆ పోర్టు ఇప్పటి కంప్యూటర్లకు ఉండదు. అడిగిన ప్రతిచోటా "గా పాతది ఏం జేస్తరన్నా?" అని ఆశ్చర్యం. మిల్లు నడుపుతామని చెబితే ఆశ్చర్యం ఆసక్తిగా మారింది. ఒక కుర్రాడు షట్టర్ వెనక గుట్టలోంచి రెండు బయటికి లాగి, రెండిటినీ ఆన్ చేసి చూపించి, "ఏది మంచిగుంటే అది తీస్కపోండ్రి" అన్నాడు.

మావాడు అక్కడికక్కడే పెన్‌డ్రైవ్‌లోంచి లైనక్స్‌సీఎన్‌సీ ఎక్కించి రెండిటికీ ఒక పరీక్ష పెట్టాడు. ఇది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పుట్టి, తర్వాత ప్రపంచమంతటి ఔత్సాహికుల చేతుల్లో పెరిగింది. మోటార్లకు పంపే పల్స్‌లు సమానమైన ఎడంతో పోవాలి, మధ్యలో కంప్యూటర్ ఇంకో పనిలో పడి తడబడకూడదు. ఆ తడబాటు 20 మైక్రోసెకన్ల లోపు ఉంటే పని హాయిగా సాగుతుంది. అందంగా కనపడిన కంప్యూటర్ అందులో నిలవలేదు. దుమ్ము పట్టినది నిలిచింది, దాన్నే కొన్నాం. మీరు వెళితే పెన్‌డ్రైవ్ మరవకండి.

మోటార్లకూ, వాటికి కరెంటు అందించే డ్రైవర్ బోర్డులకూ కోఠీ వెళ్ళాలి. సికింద్రాబాద్ వెస్ట్‌లో మెట్రో ఎక్కితే సుల్తాన్ బజార్‌లో దిగొచ్చు. అక్కణ్ణుంచి గుజరాతీ గల్లీకి నడక. సన్నటి ఆ గల్లీలో రెసిస్టర్లు, రిలేలు, ఫ్యాన్లు, వైరు చుట్టలు గోడలనిండా వేలాడుతుంటాయి. మా ఊళ్ళో ఎలక్ట్రానిక్ సామాను కొట్టు అంటే కౌంటర్ ఇవతల నిలబడి చీటీ ఇవ్వడమే. ఇక్కడ కస్టమర్లే ఒకరి బోర్డు ఒకరు పరికించి సలహాలిస్తున్నారు. రోబో కట్టే విద్యార్థి, లిఫ్టు మెకానిక్కు, మేము ఒకే బల్ల దగ్గర నిలబడ్డాం.

అక్కడ నెమా 23 స్టెపర్ మోటార్లు మూడు, వాటికి డ్రైవర్లు మూడు, 36 వోల్టుల పవర్ సప్లై ఒకటి తీసుకున్నాం. స్టెపర్ మోటారు అడుగులేస్తూ తిరుగుతుంది. ఒక్కో అడుగు 1.8 డిగ్రీలు, 200 అడుగులకు ఒక చుట్టు. డ్రైవర్ మీది బుల్లి స్విచ్‌లతో ఆ అడుగును ఎనిమిది భాగాలు చేస్తే చుట్టుకు 1600 పల్స్‌లు. దుకాణం అబ్బాయి ఒక జాగ్రత్త రెండుసార్లు చెప్పాడు. "కరెంటు ఉండంగ మోటార్ వైరు గుంజకుండ్రి అన్నా. డ్రైవర్ ఖతం అయితది." ఈ మాట మీరు కూడా రాసి పెట్టుకోండి. ఎర్రటి పుట్టగొడుగు బటన్ కూడా ఇచ్చాడు. ఏది తేడాగా అనిపించినా దాని మీద అరచేత్తో కొడితే అన్నీ ఆగిపోతాయి. చెయ్యి సులువుగా అందేచోట దాన్ని బిగించాకే మిగతా వైరింగ్ మొదలుపెట్టాం.

మిల్లును విప్పడానికి ముందు ఇంకో పని ఉంది. మోటార్లు కూర్చోడానికి అల్యూమినియం పలకలు కావాలి, వాటికి కొలతల ప్రకారం కన్నాలు పడాలి. ఆ పలకలను ఆ మిల్లు మీదే చేతి చక్రాలతో చేసుకున్నాం. తన మార్పుకు కావలసిన ముక్కల్ని తనే కోసుకుంటున్న మిషన్‌ను చూస్తే నాకు ముచ్చటేసింది. మా ఆటోనగర్‌లో ఏ లారీ తన స్పేరు పార్టు తను చేసుకోదు కదా. అక్కావాళ్ళ అత్తగారు మెట్ల మీదుగా తొంగిచూసి "ఇంక ఎంత సేపు కొడుకా, సర్వపిండి సల్లారిపోతాంది" అని పిలిచింది. వరంగల్ వైపు మనిషి. గిన్నెకే పిండి అద్ది కాల్చిన ఆ రొట్టె అంచులు కరకరలాడుతుంటే, మధ్యలో పల్లీలు, నువ్వులు తగులుతుంటే, పక్కన పచ్చిపులుసు. మా ఇంట్లో ఉలవచారుకు ఉన్న మర్యాద ఆ ఇంట్లో పచ్చిపులుసుకు ఉంది. కాచకుండా చారు ఇంత రుచిగా ఉంటుందని ఒప్పుకున్నాను.

మోటార్లను ముందు పాత స్క్రూలకే తగిలించి చూద్దామన్నాడు మేనల్లుడు. కట్టర్ బదులు ఒక పెన్ను బిగించి, టేబుల్ మీద కాయితం అంటించాం. సున్న గీయమని చెప్పాం. కంప్యూటర్‌కు ఇచ్చే ఆజ్ఞలను జి-కోడ్ అంటారు. జి01 అంటే తిన్నగా పొమ్మని, జి02 అంటే గడియారం ముల్లు దిశలో వంపు తిరగమని. ఒక్క వరుస చాలు సున్నకు. ఎక్స్, వై మోటార్లు రెండూ కలిసి కూనిరాగం తీశాయి. గదిలో ముగ్గురమూ ఊపిరి బిగబట్టి చూశాం. మనిషి చెయ్యి పడకుండా టేబుల్ కదులుతుంటే ఆ ఆనందం చూసి తీరాల్సిందే.

సున్న పూర్తయ్యాక దగ్గరికెళ్ళి చూస్తే నాలుగుచోట్ల చదునుగా ఉంది. కుడి, ఎడమ, పైన, కింద. టేబుల్ దిశ మార్చుకునేది సరిగ్గా ఆ నాలుగుచోట్లే. పాత స్క్రూకూ నట్టుకూ మధ్య సందు ఉంది. వదులైన సైకిల్ చైను కొంత బిగిశాకే చక్రం తిరిగినట్టు, దిశ మారినప్పుడల్లా స్క్రూ కొంత ఖాళీగా తిరిగాకే టేబుల్ కదులుతోంది. డయల్ గేజ్ ఆనించి కొలిస్తే ఆ ఖాళీ పావు మిల్లీమీటరు పైగానే ఉంది. కంప్యూటర్‌కు ఇదేమీ తెలియదు. తను పంపిన పల్స్‌లను లెక్కపెట్టుకోవడం తప్ప టేబుల్ నిజంగా కదిలిందో లేదో తెలుసుకునే దారి దానికి లేదు.

తెలుగువాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు. బావ ఈ మిల్లు కొన్న మొదటి కారణమే ఇంటికి ఇత్తడి పేరు పలక చెక్కుకోవాలని. ఇంగ్లీషులో ఎల్, టి, హెచ్ తిన్నటి గీతలతో గడిచిపోతాయి. మన అక్షరాల్లో తిన్నటి గీత కోసం వెతకాలి. ఒక్క 'ఠ' తీసుకోండి, ఒక్క 'ణ' తీసుకోండి. ప్రతి వంపులో టేబుల్ ఎన్నిసార్లు దిశ మార్చుకోవాలో లెక్కపెట్టండి. మిల్లులో సందు ఉంటే ఆ సందంతా అక్షరాల బుగ్గల మీద అచ్చు పడుతుంది. అందుకే, ఎక్కడైనా సీఎన్‌సీ మిల్లు బాగుందో లేదో చూడాలంటే దాని చేత తెలుగు రాయించమని ఇప్పుడు ధైర్యంగా చెబుతాను.

ఆ సందుకు మందు బాల్ స్క్రూ. స్క్రూకూ నట్టుకూ మధ్య ఉక్కు గుండ్లు దొర్లుతూ, నట్టు చివరికి వచ్చి మళ్ళీ మొదటికి తిరిగి చేరుతుంటాయి. రాపిడి తక్కువ, సందు దాదాపు లేదు. 16 మిల్లీమీటర్ల లావు, చుట్టుకు 5 మిల్లీమీటర్లు ముందుకు పోయే 1605 రకం బాల్ స్క్రూ ఎక్స్‌కు అనుకున్నాం. 1600 పల్స్‌లకు 5 మిల్లీమీటర్లంటే మిల్లీమీటరుకు 320 పల్స్‌లు. వై వైపు చోటు ఇరుకు, కాబట్టి 12 లావు, చుట్టుకు 4 పోయే 1204. వీటిని మోసే బేరింగులు, సన్న మర లాక్‌నట్టులు, కప్లింగులు రాణిగంజ్‌లో తీసుకోవాలి.

రాణిగంజ్ గురించి వినడం వేరు, అక్కడ నిలబడడం వేరు. మా ఆటోనగర్ కూడా ఇనుము ఊరే. కానీ అక్కడ వీధి మొత్తం లారీ కోసం బతుకుతుంది. రాణిగంజ్‌లో ఎవరి సామాను వాళ్ళది. ఒక వీధిలో పంపులు, మోటార్లు, ఇంకో వీధిలో పైపులు, ఆ పక్కన వీ-బెల్టులు, చైన్లు, స్ప్రాకెట్లు. బంగారు అంచు తెల్ల టోపీల బోహ్రా పెద్దమనుషులు గల్లా దగ్గర కూర్చుని, వెనక్కి తిరిగి చూడకుండానే ఏ అరలో ఏముందో కుర్రాళ్ళకు చెబుతున్నారు. మా దగ్గర పొద్దున్నే షట్టర్లు లేస్తాయి. ఇక్కడ పదిన్నర దాటాకే సందడి. ఆదివారం ఎక్కువ దుకాణాలు మూసి ఉంటాయి, ఆ రోజు పెట్టుకోకండి.

ఎం12 సన్న మర లాక్‌నట్టు కోసం నేను ఎంత తిరిగానో చెబితే మీకు దారి తెలుస్తుంది. మొదటి దుకాణంలో మామూలు మరది చూపించి, "సన్నది గావాల్నంటే గీ గల్లీల సీదా పో, మసీదు కాడ కుడికి తిరుగు" అన్నారు. తిరిగితే అక్కడ అన్నీ స్ప్రింగులు. పిడికెడు లావువి, అగ్గిపుల్లంత సన్నవి, వాటిని చూస్తూ కాసేపు నిలబడిపోయాను. వాళ్ళు ఇంకో గల్లీ చెప్పారు. అక్కడ కొలిచి కోసి ఇచ్చే గ్యాస్కెట్ షీట్లు. అలా ఒక గల్లీలోంచి ఒక గల్లీలోకి పోయి, తల ఎత్తి చూస్తే బైబిల్ హౌస్ దగ్గర తేలాను. దారి తప్పానన్న దిగులు కలగలేదు. చూసిన ప్రతి దుకాణమూ ఎప్పుడో ఒకప్పుడు నాకు పనికొచ్చేదే, పేర్లు చీటీ మీద రాసుకున్నాను. మీకు తీరిక ఉంటే రాణిగంజ్‌లో ఒక్కసారైనా ఇలా దారి తప్పండి.

లాక్‌నట్టు చివరికి దొరికింది బేరింగుల దుకాణంలోనే. అంతకంటే విలువైన మనిషి కూడా అక్కడే దొరికాడు. స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్న పెద్దాయన నా చేతిలోని నక్షా చూసి "ఏం కడ్తున్రు బిడ్డా?" అని అడిగాడు. ఆయన ప్రాగా టూల్స్‌లో ఫిట్టర్‌గా పనిచేసి దిగిపోయాడు. 1943లో మొదలైన ప్రాగా కార్ఖానా ఇక్కడికి దగ్గర్లోని కవాడిగూడలోనే ఉండేది. మిల్లింగ్ మిషన్లు, సర్ఫేస్ గ్రైండర్లు, చక్‌లు చేసిన చోటు అది. తర్వాత హెచ్.ఎం.టి. గొడుగు కిందికి పోయింది. మా షాపులో నాన్న దాచుకున్న ఒక డ్రిల్ చక్ మీద ఆ పేరు చూస్తూ పెరిగాను. ఆ పేరు పోతపోసిన చోట పనిచేసిన చేతులు ఇప్పుడు నా ఎదురుగా ఉన్నాయి. నమస్కారం పెట్టి, విషయమంతా చెప్పాను.

ఆయన యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగులు రెండిటినీ అరచేతిలో తిప్పి చూపించాడు. "రెండూ ఒక్క దిక్కే చూస్తే తోసినప్పుడు ఆగుతది, గుంజినప్పుడు ఊగుతది. ఒగటి అటు, ఒగటి ఇటు చూడాలె." ఆ ఒక్క మాటలో ఒక పాఠ్యపుస్తకం అధ్యాయం ఉంది. మోటారు టేబుల్‌ను ఒకసారి నెడుతుంది, ఒకసారి లాగుతుంది. స్క్రూ చివర రెండు బలాలకూ ఎదురు నిలబడేవాడు ఉండాలి. లేకపోతే ఎంత ఖరీదు పెట్టి బాల్ స్క్రూ కొన్నా సందు బేరింగు దగ్గర మళ్ళీ పుడుతుంది.

మిల్లులో టేబుల్‌ను మోసే శాడిల్ విప్పి తెమ్మన్నాడు. మర్నాడు కవాడిగూడలో ఆయన చిన్న షెడ్డుకు బావా నేనూ ఆటోలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాం. టేబుల్ జారే డవ్‌టెయిల్ గాడి మీద ఆయన ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు పలచగా రాసి, దాని జోడీని ఆనించి ఒకసారి జరిపాడు. ఎత్తుగా ఉన్నచోట్ల నీలం మచ్చలు అంటుకున్నాయి. ఆ మచ్చలున్నచోట మాత్రమే స్క్రేపర్‌తో గీకడం, మళ్ళీ బ్లూ రాయడం, మళ్ళీ ఆనించడం. మొదట రెండు మూలల్లోనే కనపడ్డ నీలం, మధ్యాహ్నానికి ఉపరితలమంతా చిన్నచిన్న చుక్కలుగా పరుచుకుంది. అంటే ఇప్పుడు ఆ రెండు ముఖాలూ నిజంగా ఒకదాన్నొకటి తాకుతున్నాయి. మా లేత్ షాపులో ఇంత ఓపిక పని చేసే అవసరం ఎప్పుడో గానీ రాదు, లారీకి అంత కచ్చితత్వం అక్కర్లేదు. చూస్తూ నేర్చుకున్నాను. నాకూ స్క్రేపర్ ఇచ్చి, మణికట్టు ఎలా ఉండాలో పట్టుకుని చూపించాడు.

మధ్యలో లుఖ్మీలు, చాయ్ వచ్చాయి. చదరంగా ఉన్న ఆ లుఖ్మీలో ఖీమా, పైన పొరలు పొరలుగా మైదా. తింటూ మోటార్ల గురించి అడిగాడు. పల్స్‌లు, లెక్కలు మేనల్లుడు ఫోన్లో వివరించాడు. అంతా విని "కంప్యూటర్‌కు కండ్లు లేవు బిడ్డా. అది చెప్తది, మిషన్ చెయ్యాలె. మిషన్‌కు చేతనయ్యేటట్టు మనం చెయ్యాలె" అన్నాడు. ఈ యాత్ర మొత్తంలో నేను తెచ్చుకున్న సరుకు అదే. మోటార్లు, డ్రైవర్లు, సాఫ్ట్‌వేర్ ఒక్క పూటలో సమకూరతాయి. తిరిగినంత కదలడం మాత్రం చేతిపని. ఆ చేతిపని ఈ ఊళ్ళో లాలాగూడ నుంచి, ప్రాగా నుంచి, బాలానగర్ నుంచి ఇళ్ళలోకీ గల్లీల్లోకీ దిగివచ్చింది. బాలానగర్‌లో 1968లో పెట్టిన టూల్ డిజైన్ కేంద్రం, సీఐటీడీ, ఇప్పటికీ ఆ పని నేర్పుతోంది. పరిశ్రమ చుట్టూ పెరిగిన ఊరికి ఉండే ఆస్తి ఇది.

జెడ్‌కూ బాల్ స్క్రూయే పెడుతున్నాం కాబట్టి, ఆ దిశ గురించి ఆయన ఇంకో మాట హెచ్చరించాడు. బాల్ స్క్రూ ఎంత నున్నగా తిరుగుతుందంటే, కరెంటు పోతే మిల్లు తల తన బరువుతో తానే కిందికి దిగివస్తుంది. కింద ఉన్న జాబ్ మీదో, చేతి మీదో పడుతుంది. అప్పుడు నా వంతు వచ్చింది. కారు డిక్కీ తలుపును పైకి ఎత్తి పట్టుకునే గ్యాస్ స్ట్రట్ ఉంటుంది కదా, ఆటోనగర్‌లో రోజూ చూసేదే. తల బరువుకు సరిపడేది తెచ్చి కంబానికి బిగించాం. ఇప్పుడు తల ఎక్కడ వదిలితే అక్కడే నిలబడుతుంది. "గిది మంచిగ దొరికింది" అని పెద్దాయన స్ట్రట్‌ను చేత్తో నొక్కి చూశాడు. బెజవాడ విద్య కూడా ఆ మిల్లులో ఒక మూల చేరినందుకు నాకు గర్వంగా ఉంది.

బిగింపు పని తొందర పడితే కాదు. స్క్రూ, టేబుల్ ప్రయాణించే దారీ పూర్తిగా సమాంతరంగా ఉండాలి. నట్టును వదులుగా బిగించి, టేబుల్‌ను ఒక చివరికి జరిపి ఆ చివర బేరింగును బిగించాలి, ఇంకో చివరికి జరిపి రెండో చివరను బిగించాలి. ఏ చివరా చేతికి బరువుగా తగలకూడదు. కట్టర్‌ను తిప్పే స్పిండిల్ టేబుల్‌కు నిటారుగా ఉందో లేదో చూడడానికి దానికి డయల్ గేజ్ తగిలించి, టేబుల్ మీద గుండ్రంగా తిప్పాలి. ముల్లు నాలుగు వైపులా ఒకే అంకె చూపితే స్పిండిల్ నిటారుగా ఉన్నట్టు. ఈ పనులన్నిటికీ మా ఇంటి నుంచి తెచ్చిన గేజే ఆధారం. దాని ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు. మేము కొన్న బాల్ స్క్రూలు సీ7 తరగతివి, 300 మిల్లీమీటర్ల దూరానికి 0.05 వరకు తేడా ఉండొచ్చని లెక్క. పేరు పలకకు, చిన్న భాగాలకు ఇది ధారాళంగా సరిపోతుంది.

మళ్ళీ పెన్ను బిగించాం, మళ్ళీ సున్న. నిమిషానికి 1000 మిల్లీమీటర్ల వేగంతో పోతే సెకనుకు 5 వేలకు పైగా పల్స్‌లు. మోటార్ల రాగం ఈసారి సన్నగా, తెగకుండా సాగింది. ఆ నాలుగుచోట్లా వేలితో తడిమాను, భూతద్దం పెట్టి చూశాను. చదును ఎక్కడా లేదు. బావ ఆ కాయితాన్ని తీసి, మొదటి సున్న పక్కన పెట్టి, కిందికి పరుగున వెళ్ళి ఇంటిల్లిపాదికీ చూపించాడు. రెండు సున్నల మధ్య తేడా ఏమిటో అక్కావాళ్ళ అత్తగారు మా కంటే ముందే వేలు పెట్టి చూపించింది. రోజూ వాకిట్లో ముగ్గు పెట్టే చేతికి వంపు సంగతి ఒకరు చెప్పాలా!

ఇత్తడి పలక మీద 'వసంతం' అని చెక్కాం. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన తెలుగు ఖతుల్లో 'మండలి' ఖతిని ఎంచుకుని, ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్‌లో అక్షరాల అంచులను గీతలుగా మార్చి, జి-కోడ్ తీశాడు మేనల్లుడు. వి-ఆకారపు కట్టర్ ఇత్తడిలోకి దిగి, బంగారు రంగు రజను చిమ్ముతూ 'వ' తలకట్టు మీదుగా తిరిగింది. చివర 'తం' లోని సున్న దగ్గరికి వచ్చేసరికి నేను టేబుల్ మీదికి వంగిపోయాను. గుండ్రంగా వచ్చింది. కళ్ళకు అద్దాలు పెట్టుకోకుండా ఇలా వంగకండి, ఇత్తడి రజను సూదిలా ఎగురుతుంది. నేను అద్దాలు పెట్టుకునే వంగాను.

తిరిగి వచ్చే ముందు మావాడు మెట్రోలో రాయదుర్గం తీసుకెళ్ళి, 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ చూపించాడు. కొత్త వస్తువుల నమూనాలు తయారుచేసేందుకు ప్రభుత్వం పెట్టిన కేంద్రం అది. అక్కడి పెద్ద మిషన్లు చూశాక మేడ మీది మిల్లు చిన్నదైపోతుందేమో అనుకున్నాను. కాలేదు. అక్కడా ఇక్కడా ఒకే జి-కోడ్, ఒకే ఎక్స్, వై, జెడ్. లోపల ఏ బేరింగు ఎటు చూస్తోందో నాకిప్పుడు తెలుసు కనక ఆ పెద్ద మిషన్లు కూడా చదివిన పుస్తకాలే అనిపించాయి.

మీరూ వెళ్ళాలనుకుంటే నాలుగు మాటలు. కొలతలు రాసిన చీటీతో పాటు ఆ భాగాన్నే సంచీలో వేసుకెళ్ళండి. రాణిగంజ్‌లో మాట కంటే వస్తువు త్వరగా పని చేస్తుంది. ధర రెండు దుకాణాల్లో అడగండి. చాయ్ ఇస్తే కూర్చోండి, ఎందుకంటే పాత ఫిట్టర్లు దొరికేది ఆ స్టూళ్ళ మీదే. మిల్లును విప్పేముందే దానికి కావలసిన పలకలు దానిమీద కోసుకోండి. అన్నిటికంటే ముందు, మీ ఊళ్ళో చేతిపని తెలిసిన మేస్త్రి ఎవరున్నారో వెతికి, ఆయన దగ్గర బ్లూ రాయడం, గీకడం, గేజ్ చదవడం నేర్చుకోండి. నేను ఆటోనగర్ వచ్చిన వెంటనే మా నాన్నగారి కాలపు మేస్త్రి ఇంటికి వెళ్ళాను. మా షాపులో మూలనున్న మిల్లుకు మోటార్లు పెడుతున్నామనీ, స్క్రేపర్ పట్టాలనీ చెప్పాను. వచ్చే సోమవారం నుంచి వస్తానన్నాడు.